లండన్‌లో దిగిన గంధర్వుడు: ఒక తెలుగు వైజ్ఞానిక నవలిక నడిచిన దారి

తెలుగులో సైన్స్ ఫిక్షన్ లేదన్న మాట సాహిత్య సభల్లో తరచుగా వినిపిస్తుంది. ఉన్న కాస్తా ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదేనని, మన నేలలో అది వేళ్లూనలేదని కూడా అంటారు. చరిత్రను వరుసగా చూస్తే ఈ తీర్పు నిలవదు. రచనలు వచ్చాయి, వాటిలో కొన్ని ప్రపంచ సాహిత్యంలో పేరుపొందిన సాటి రచనల కంటే ముందే వచ్చాయి. కొరవడింది వాటిని ఆ కోణంలో చదివే ఏర్పాటు. మాతృభాషలో విజ్ఞానశాస్త్రం, ఊరికొక గ్రంథాలయం, కొత్త రకం కథకు చోటిచ్చే పత్రిక, పుస్తకాన్ని అచ్చులో నిలిపి ఉంచే ప్రచురణకర్త, దాని గురించి మాట్లాడే విమర్శకుడు అందరూ కలిస్తేనే ఆ ఏర్పాటు. విశ్వనాథ సత్యనారాయణ నవలిక 'హాహాహూహూ' చరిత్ర ఇందుకు మంచి సాక్ష్యం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో నిలబడి చూస్తే ఆ చరిత్ర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఏర్పాటులోని ఒక్కొక్క భాగమూ ఇక్కడికి ఎప్పుడు, ఎంత కష్టం మీద వచ్చిందో ఈ పట్టణాల చరిత్రే చెబుతుంది.

బయటివాడి కళ్లతో భూమి

సైన్స్ కల్పన అనగానే రాకెట్లు, యంత్రాలు గుర్తొస్తాయి. కానీ ఆ ప్రక్రియకు అంతకంటే పాత పాయ ఒకటుంది. మన లోకంలోకి ఎక్కడినుంచో ఒక ప్రాణి వస్తుంది. మన అలవాట్లను, గర్వాన్ని, జ్ఞానాన్ని అది బయటి నుంచి చూస్తుంది. 1752లో వోల్టేర్ రాసిన 'మైక్రోమెగాస్'లో సిరియస్ నక్షత్ర మండలం నుంచి ఒక మహాకాయుడు భూమికి వస్తాడు. అంతటివాడి ముందు మన తత్వవేత్తల వాదాలు ఎంత చిన్నవో చూపించడానికే ఆ కథ. 1895లో హెచ్.జి. వెల్స్ తెచ్చిన పుస్తకాల్లో రెండు చిన్నవి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఒకటి అందరికీ తెలిసిన 'ది టైమ్ మెషీన్'. ఇది ముందు పత్రికలో ధారావాహికగా వచ్చి, అదే ఏడాది పుస్తకమైంది. రెండోది 'ది వండర్‌ఫుల్ విజిట్'. అందులో ఒక ఇంగ్లీషు గ్రామంలోని మతబోధకుడు వింతపక్షి అనుకుని దేవదూతను తుపాకీతో కొడతాడు. రెక్క విరిగిన ఆ దేవదూతను ఊరు ఎలా చూసిందన్నదే మిగతా కథ. విశ్వనాథ పుట్టిన సంవత్సరమూ 1895.

మన దేశంలోనూ ఈ వరుస ఆలస్యంగా మొదలవలేదు. జగదీశ్ చంద్ర బోస్ 1896లోనే బెంగాలీలో ఒక తుఫానును తలనూనెతో శాంతింపజేసిన కథ రాశాడు. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' వెలువడింది. స్త్రీలు ఏలే ఆ దేశంలో ఎండ వేడితో వంట చేస్తారు, మబ్బుల నుంచి నీళ్లు తోడుకుంటారు, గాలిలో ప్రయాణిస్తారు, పరదా చాటున ఉండేది మగవాళ్లు. ఈ రచనను అచ్చువేసింది మద్రాసులోని 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'. దాన్ని 1901లో స్థాపించి నడిపిన సంపాదకురాలు కమలా సత్తియనాధన్ రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగు మహిళ. ప్రపంచ స్త్రీవాద సైన్స్ కల్పనలో తొలి మెట్టుగా నేడు చెప్పుకునే రచన ఒక తెలుగు సంపాదకురాలి చేతి మీదుగా లోకంలోకి వచ్చిందన్నమాట. మన సాహిత్య చరిత్రలు ఈ సంగతిని గర్వంగా చెప్పుకోవాలి.

తెలుగు వచనంలోకి శాస్త్రం

కల్పనకు ముందు శాస్త్రం భాషలోకి రావాలి. ఆ పనికి పునాది పడింది హైదరాబాదులోనే. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు వంటివారు కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలను కూడా మామూలు చదువరికి తెలుగులో అందించాలన్నది వాళ్ల సంకల్పం. నవలల పోటీలు కూడా ఆ మండలే నడిపింది. శాస్త్రాన్నీ నవలనూ ఒకే చూరు కింద పెంచాలనుకున్న ఆ చూపు ఈనాటి ప్రచురణ సంస్థలకు కూడా ఆదర్శమే. 20వ శతాబ్దం తొలి పాదంలోనే టేకుమళ్ల రాజగోపాలరావు 'విహంగయానం' రాశాడు. ఆకాశయానం మీదికి తెలుగు నవల మనసు అప్పటికే మళ్లిందనడానికి ఆ పేరు చాలు. అయినా ఆయన తర్వాత ఆ బాటలో ఒక గుంపు కదల్లేదు. ఒంటరి రచనగా మిగిలిపోవడం తెలుగు సైన్స్ కల్పనకు అప్పటినుంచే అంటుకున్న కష్టం.

గుర్రం తల, సంస్కృతం మాట

విశ్వనాథ 'హాహాహూహూ' 1930ల నాటి రచన. హాహా, హూహూ అన్నవి పురాణాల్లోని ఇద్దరు గంధర్వుల పేర్లు. మనిషి ఒళ్లు, గుర్రం తల ఉన్న ఒక గంధర్వుడు లండన్ నగరం నడిబొడ్డున, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. జనం మూగుతారు. ఇది జంతువా మనిషా అన్నది అక్కడి మేధావులకు తేలదు. బోనులో పెడతారు. అతడు మాట్లాడేది సంస్కృతమని తెలిశాక ఆ భాష చదివిన పండితుణ్ణి పిలిపిస్తారు. అక్కడి నుంచి కథ ప్రశ్నల మీద నడుస్తుంది. మీరు చూసిందే లోకమా? మీ కొలతకు అందనిది లేనట్టేనా? పరీక్షించేవాడెవడు, పరీక్షకు గురయ్యేవాడెవడు?

ఈ చివరి ప్రశ్న దగ్గరే 'హాహాహూహూ' సైన్స్ కల్పన అవుతుందని నా అభిప్రాయం. వలస పాలన కాలంలో మన మనుషుల్ని, ఆచారాల్ని, భాషల్ని కొలిచి పట్టికలకెక్కించింది ఇంగ్లండు. విశ్వనాథ ఆ బల్లను అటు నుంచి ఇటు తిప్పాడు. బోనులో ఉన్నవాడే బోను బయటివాళ్లను పరిశీలిస్తాడు. గంధర్వుడు పురాణం నుంచి వచ్చాడు కాబట్టి ఇది సైన్స్ కల్పన కాదనేవాళ్లు వెల్స్ దేవదూత కథను ఏ లెక్కలో వేస్తారో ఆలోచించాలి. శాస్త్రం చేసే పనిని, దాని ధైర్యాన్నీ అహాన్నీ, కథావస్తువుగా తీసుకున్న ప్రతి రచనా ఈ ప్రక్రియలోకి వస్తుంది.

'హాహాహూహూ' వచ్చిన కాలాన్ని కూడా గమనించాలి. ముసలి రెక్కల మనిషిని కోళ్లగూటిలో పెట్టి ఊరంతా చూడవచ్చే గాబ్రియేల్ గార్సియా మార్క్వెస్ కథ 1968 నాటిది. ప్రపంచమంతా ఆ కథను తరగతి గదుల్లో చదువుతున్నారు. దానికి మూడు దశాబ్దాల ముందే తెలుగులో బోనులోని గంధర్వుడి కథ ఉంది.

అయితే మన దగ్గర దానికి దక్కిన ఆదరణ వేరు. విశ్వనాథ అభిమానులకు ఆయన 'వేయిపడగలు', 'రామాయణ కల్పవృక్షం' రాసిన మహాకవి. ఆ కొండల ముందు ఈ చిన్న పుస్తకం సరదా రచనగా కనిపించింది. ఆయన సంప్రదాయ దృష్టిని వ్యతిరేకించిన అభ్యుదయ విమర్శకులకు ఇందులో పురాణ గౌరవమే కనిపించింది, ప్రశ్న కనిపించలేదు. రెండు వర్గాలూ దీన్ని పడమటి నాగరికత మీద వ్యంగ్యంగానే చూశాయి. తెలుగు సైన్స్ కల్పనకు తొలి దశలోని ముఖ్య రచనగా నిలబెట్టే మూడో చదువు ఒకటి అప్పటికి లేదు.

సిరిసిల్ల సభ, కరీంనగర్ కళాశాల

ఆ మూడో చదువు ఎందుకు లేదో తెలియాలంటే పాఠకుడి వైపు చూడాలి. 'హాహాహూహూ' నాటికి మన ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉంది. బడి చదువు ఉర్దూలో సాగేది. తెలుగు పుస్తకం దొరకడమే గొప్ప. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం మొదలయ్యాక గ్రంథాలయోద్యమం మెల్లగా పల్లెల వైపు వచ్చింది. నిజాం రాష్ట్ర నాలుగో ఆంధ్ర మహాసభ 1935లో సిరిసిల్లలోనే జరిగింది. మాడపాటి హనుమంతరావు దానికి అధ్యక్షుడు. మాతృభాషలో చదువు, గ్రంథాలయాల వ్యాప్తి ఆ మహాసభలు పదేపదే అడిగిన విషయాలు. ఒక తెలుగు రచయిత లండన్‌లో గంధర్వుణ్ణి దించుతున్న దశాబ్దంలోనే సిరిసిల్లలో జనం తెలుగు చదువు కోసం సభ పెట్టుకున్నారు. ఈ రెండింటి మధ్య దూరమే మన సాహిత్య చరిత్రలోని అసలు దూరం.

వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి కూడా ఉర్దూ మాధ్యమంలో చదువుకుని తెలుగు కవి అయినవాడే. ఆదిమానవుడి నుంచి నేటిదాకా మనిషి ప్రస్థానాన్ని, ప్రకృతితో అతడి సంబంధాన్ని కావ్యవస్తువుగా తీసుకుని 'విశ్వంభర' రాసి, 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నాడు. విశ్వాన్ని ఊహించే శక్తి ఈ మట్టికి కొదవ లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

విశ్వనాథ స్వయంగా ఈ ప్రాంతానికి వచ్చాడు. విజయవాడలో అధ్యాపకుడిగా చాలా ఏళ్లు పనిచేశాక, 1959 నుంచి 1961 వరకు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు ఆ జిల్లాలోవే. డిగ్రీ చదువుకు ఈ పట్టణాల పిల్లలకు దగ్గరి ఊరు కరీంనగరే. ఇరుకుల్లకు చెందిన జువ్వాడి గౌతమరావు ఆయనకు ఆప్త శిష్యుడయ్యాడు. కల్పవృక్ష పద్యాలను గానం చేసి ఊరూరా వినిపించాడు. ఇదే జిల్లాకు చెందిన పి.వి. నరసింహారావు 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించాడు. విశ్వనాథను తలకెత్తుకున్న ప్రాంతాల్లో కరీంనగర్ ముందు వరుసలో ఉంది. కానీ ఆ ప్రేమంతా కావ్యానికీ మహానవలకూ వెళ్లింది. గుర్రం తల గంధర్వుడు పక్కనే నిలబడి ఉన్నా అతడి వైపు చూసినవాళ్లు తక్కువ.

అంతరిక్షం, అద్దె పుస్తకాలు, జైత్రయాత్ర

1957లో స్పుత్నిక్ ఎగిరింది. 1969లో మనిషి చంద్రుడి మీద నడిచాడు. తెలుగు పత్రికలు శాస్త్రం వైపు తిరిగాయి. నండూరి రామమోహనరావు 'నరావతారం'తో మనిషి పరిణామాన్ని, 'విశ్వరూపం'తో ఖగోళాన్ని కథలా చెప్పాడు. మహీధర నళినీమోహన్ పిల్లలకు సైన్సును ఆటపాటగా మార్చాడు. మాస్కో నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన చవక పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా చిన్న పట్టణాలకూ చేరాయి. యాకోవ్ పెరెల్మాన్ భౌతికశాస్త్రం చదివి ఇంజనీర్లయినవాళ్లు తెలంగాణలో ఎందరో ఉన్నారు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడి, తాలూకా కేంద్రాలకు శాఖా గ్రంథాలయాలు వచ్చాయి.

అంటే పాఠకుణ్ణి తయారుచేసే సామగ్రి 1970ల నాటికి సమకూరింది. పత్రికలూ పెరిగాయి. 1970లో మొదలైన 'స్వాతి' మాసపత్రిక ప్రతి సంచికతో ఒక అనుబంధ నవల ఇచ్చింది. 1978లో మొదలైన 'చతుర' నెలకొక పూర్తి నవల అచ్చువేసింది. నవలిక నిడివికి ఇంతకంటే తగిన వేదికలు వేరే లేవు. వారపత్రికలోని ధారావాహికను చింపి దాచి, బైండు చేయించుకోవడం ప్రతి పట్టణంలోనూ ఉన్న అలవాటు. అద్దెకిచ్చే పుస్తకాల దుకాణంలో ఒకే ప్రతి పదుల చేతులు మారేది. యండమూరి వీరేంద్రనాథ్ 'యుగాంతం', 'చీకట్లో సూర్యుడు' ఈ దారిలోనే లక్షల ఇళ్లకు వెళ్లాయి. ప్రళయం ముంగిట నిలబడ్డ మనుషులను, అంతరిక్షాన్ని తెలుగు మధ్యతరగతి పాఠకుడు మొదటిసారి ఉత్కంఠతో చదివింది అక్కడే.

ఆదరణ అంత ఉన్నా గౌరవం మాత్రం రాలేదు. ఆ నవలలను కాలక్షేపం కింద జమకట్టి విమర్శ పక్కకు తప్పుకుంది. మన ప్రాంతంలో దీనికి మరో బలమైన కారణం ఉంది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టికి, దొరతనానికి ఎదురుతిరిగిన రైతుకూలీలు పట్టణాన్ని నింపారు. ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అల్లం రాజయ్య వంటి రచయితలు ఆ పోరాటాన్ని కథలుగా రాశారు. కళ్లముందు మనుషులు నేలకోసం ప్రాణాలిస్తున్నప్పుడు కలం వాస్తవికతను ఎంచుకోవడం న్యాయం. ఆ ఎంపిక గొప్ప సాహిత్యాన్నిచ్చింది. అదే సమయంలో రేపటిని ఊహించే కథ అక్కరలేని విలాసమన్న భావం కూడా స్థిరపడింది. ఆ భావాన్ని ఇప్పుడు తిరిగి ప్రశ్నించాలి. రేపు ఎలా ఉండాలో ఊహించినవాళ్లే ఆనాడు జగిత్యాల దారుల్లో నడిచారు.

తెర చేసిన మేలు

వెల్స్ ఊహించిన యంత్రం తెలుగు జనసామాన్యానికి చేరడానికి 96 ఏళ్లు పట్టింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' కాలయంత్రాన్ని 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, ఆ తర్వాత 2504కూ నడిపించింది. రాయల ఆస్థానం, తెనాలి రామకృష్ణుడు ఉండడంతో ప్రేక్షకుడికి పరాయితనం తోచలేదు. మన గతాన్ని చేయి పట్టుకునే మన భవిష్యత్తులోకి వెళ్లవచ్చని ఆ సినిమా రుజువు చేసింది. 2024లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' భారత కథను ఎడారిగా మారిన భవిష్యత్తుతో ముడివేసి అదే నమ్మకాన్ని భారీ స్థాయిలో మళ్లీ నిలబెట్టింది. పురాణపాత్రను ఆధునిక ప్రపంచంలో నిలబెట్టే ఈ పద్ధతి తెలుగులో 'హాహాహూహూ' కాలం నుంచీ ఉంది. సినిమాకు దొరికిన చప్పట్లలో ఆ చిన్న పుస్తకానికీ వాటా ఉంది.

అచ్చులో కూడా పని ఆగలేదు. అమెరికాలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు 'మహాయానం' వంటి వైజ్ఞానిక కథలతో శాస్త్రవేత్తే తెలుగు కథకుడైతే ఎలా ఉంటుందో చూపించాడు. వైద్యుడైన చిత్తర్వు మధు 'కుజుడి కోసం' నవలతో గ్రహాంతర యాత్రకు పూనుకున్నాడు. అనిల్ ఎస్. రాయల్ 'నాగరికథ' బిగువైన కథనంతో కొత్త తరాన్ని ఆకట్టుకుంది. 1998లో మొదలైన 'ఈమాట' వంటి అంతర్జాల పత్రికలు, విదేశాల్లోని తెలుగువారికీ మన ఊళ్లవారికీ ఒకే పుటను అందుబాటులోకి తెచ్చాయి. మరోవైపు, నెలకొక నవల ఇచ్చిన 'చతుర' 2021లో ఆగిపోయింది. నవలిక నిడివికి ఉన్న గట్టి వేదిక ఒకటి అలా పోయింది.

2018లో వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదంలో 'హాహాహూహూ'ను పెంగ్విన్ సంస్థ ప్రచురించింది. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' కూడా అదే సంపుటంలో ఉంది. తెలుగు రాని పాఠకులు దీన్ని పురాణభక్తిగా చూడలేదు. వలస పాలన మీద, జ్ఞానం మీద రాసిన కల్పనగా, మాంత్రిక వాస్తవికతకు దగ్గరి రచనగా చదివారు. 1930లలో మనకు దొరకని మూడో చదువు ఎనిమిది దశాబ్దాల తర్వాత మరో భాష ద్వారా మొదలైంది. దీనికి సంతోషించాలి. ఆ చదువు తెలుగులోనే సాగేలా ఇక చూడాల్సింది మనం.

ఇక్కడి రేపు ఎవరు రాయాలి

2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. ఈ మూడు పట్టణాలు ఇప్పుడు బతుకుతున్న బతుకు ఏ సైన్స్ కల్పనకూ తీసిపోదు. చేమగ్గం మీద అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు సిరిసిల్ల. అదే ఊళ్లో మరమగ్గం చేమగ్గాన్ని తోసేసింది. ఇంకా వేగమైన మగ్గాలు ఇప్పుడు మరమగ్గాన్ని తోస్తున్నాయి. యంత్రం ముందు మనిషి స్థానం ఏమిటన్న ప్రశ్న ఇక్కడి నేతన్నకు పూట గడవడం గురించిన ప్రశ్న. కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, పిల్లలు ఆయన్ను ఫోను తెర మీద చూస్తూ పెరుగుతారు. శ్రీరాంసాగర్ వరద కాలువలో రాంపూర్, రాజేశ్వరరావుపేట పంపుల దగ్గర నీళ్లను ఎదురు దిక్కుకు, పైనున్న జలాశయం వైపు నడిపించారు. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర నేల కడుపులో ఒక్కొక్కటి 139 మెగావాట్ల పంపులు ఏడు అమర్చారు. వెల్స్ వచ్చి చూసినా ఆగి రాసుకునే దృశ్యాలివి.

ఈ వస్తువు మీద, ఈ యాసలో, మన సైన్స్ కల్పన రావాలి. అందుకు చేయాల్సిన పనులు కష్టమైనవేమీ కావు. జిల్లా గ్రంథాలయాల్లో 'విహంగయానం' నుంచి నేటి రచనల దాకా తెలుగు వైజ్ఞానిక కల్పనకు ఒక ప్రత్యేక అర ఉండాలి. విశ్వనాథ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కళాశాలతో మొదలుపెట్టి, డిగ్రీ తెలుగు పాఠాల్లో 'హాహాహూహూ'ను వెల్స్, మార్క్వెస్, రొకేయా రచనల పక్కన పెట్టి చదివించాలి. సైన్సు ఉపాధ్యాయుడూ తెలుగు ఉపాధ్యాయుడూ కలిసి పిల్లలచేత కథలు రాయించాలి. పత్రికలు ఏడాదికొక సంచికైనా నవలిక నిడివి కల్పనకు కేటాయించాలి. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రాన్నీ నవలనూ కలిపి చూసింది. 1935లో సిరిసిల్ల సభ తెలుగు చదువును హక్కుగా అడిగింది. ఈ రెండు కోరికలు కలిసే చోటే తెలుగు సైన్స్ కల్పనకు సొంత పాఠకుడు దొరుకుతాడు. ఆ పాఠకుడు జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో ఇప్పటికే ఉన్నాడు. అతడికి తగిన పుస్తకం అందించే బాధ్యత రచయితలది, ప్రచురణకర్తలది, ఉపాధ్యాయులది, మనందరిదీ.